మైదానంలో ఉత్తర సగం

మా పిన్ని పోయి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు: ఎంత శాంతమైన మనిషండీ అని. విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండింది. పిన్ని శాంతమైన మనిషి కాదు. ఆమెకు కోపం ఉండేది. పొద్దున వచ్చి సాయంత్రానికి పోయే కోపం కాదు, తొమ్మిదేళ్ళపాటు ఒకే ఒక్క వాక్యం మీద నిలబడిన కోపం. దాన్ని పక్కన పెట్టి ఆమెను గుర్తు చేసుకోమంటే నాకు చేతకాదు.

పిన్ని అంటే మా అమ్మకు చెల్లెలు. పెళ్ళయిన మూడేళ్ళకే బాబాయి పోతే మా ఇంటికి వచ్చేసింది. పిల్లల్లేరు. ఒకరి ఇంట్లో ఊరికే కూర్చుని తినడం ఆమెకు గిట్టదు, ఆ ఒకరు సొంత అక్కయినా సరే. వచ్చిన నెలలోపే, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న ఫుట్‌బాల్ మైదానంలో కలుపు తీసే పనికి చేరింది. అప్పుడామెకు ఇరవై నాలుగేళ్ళు. పాత ట్యూబు కత్తిరించి మోకాళ్ళకు కట్టుకుని, పిడి విరిగిన కూరగాయల చాకు పట్టుకుని, గోల్ నుంచి గోల్ దాకా మోకాళ్ళ మీద పాకుతూ కలుపు తీసేది. ముప్పై నాలుగేళ్ళు అక్కడే పనిచేసింది. పదేళ్ళు తిరిగేసరికి పచ్చిక పని మొత్తం ఆమె చేతి మీదుగా నడిచేది. కాగితం మీద మాత్రం ఆమె చివరిదాకా సహాయకురాలే. ఎవరికి సహాయకురాలో ఎవరూ చెప్పలేదు. గడ్డి గురించి తెలిసినవాళ్ళు ఆ ఆఫీసులో ఇంకెవరైనా ఉంటే కదా చెప్పడానికి.

తెల్లవారుతూనే చెప్పులు విడిచి మైదానమంతా నడిచేది. చిన్నప్పుడు సెలవుల్లో నన్నూ తీసుకెళ్ళేది. నేను చెప్పులతో దిగబోతే ఆపేది.

"చెప్పులేసుకుని గడ్డి చూస్తావా? గ్లవుజులేసుకుని పిండి కలిపినట్టుంటుంది. విప్పు."

ఆ రోజుల్లో ఆ మైదానానికి ఏడాదికి ఆరుసార్లు యూరియా చల్లేవాళ్ళు. చల్లిన వారానికి గడ్డి కళ్ళు చెదిరేంత పచ్చగా అయ్యేది. ఆట మొదలైన పావుగంటకు బూట్ల మేకులకు చిక్కి చాపలా లేచి వచ్చేది. ఆటగాళ్ళు జారి పడేవాళ్ళు. ఆఫీసువాళ్ళు మళ్ళీ యూరియా చల్లించేవాళ్ళు. పిన్ని ఒక ఇనుప గొట్టం ముక్కను నేలలోకి దిగ్గొట్టి, గడ్డితో సహా మట్టిని పైకి తీసి, వేరు పొడవు వేళ్ళతో కొలిచేది. రెండు వేళ్ళకు మించి ఉండేది కాదు.

"చూడవే," అనేది. "పైనంతా సోకు, కిందంతా ఆకలి. నోటికి అందిస్తుంటే చెయ్యి చాచే పని దానికెందుకు? వేరు కిందికి దిగడం మానేసింది."

జీవన ఎరువుల సంగతి ఆమెకు తెలియడం కూడా ఆఫీసు బద్ధకం పుణ్యమే. వ్యవసాయ కేంద్రంలో మూడు రోజుల శిక్షణ ఉందనీ, మైదానం నుంచి ఒకరిని పంపాలనీ ఉత్తరం వచ్చింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళెవరూ కదలలేదు. లెక్కకు ఒక మనిషి కావాలి కాబట్టి పిన్నిని పంపారు. ఆమె మూడు రోజులూ మొదటి వరసలో కూర్చుని నోట్సు రాసుకుని, ఆరు నల్లటి ప్యాకెట్లతో తిరిగొచ్చింది. చల్లటి చోట పెట్టాలన్నారని నేరుగా ఫ్రిజ్‌లో పెట్టేసింది.

సాయంత్రం పెరుగు గిన్నె కోసం ఫ్రిజ్ తెరిచిన అమ్మ అక్కడే నిలబడిపోయింది.

"ఇదేంటే, బొగ్గుపొడి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టావు?"

"బొగ్గుపొడి కాదక్కా. అందులో ప్రాణమున్నవి ఉన్నాయి."

"ప్రాణమున్నవి అంటే? పురుగులా?"

"పురుగుల కంటే చాలా చిన్నవి. కంటికి కనపడవు."

"కంటికి కనపడని పురుగుల్ని తెచ్చి పాలగిన్నె పక్కన పెట్టావా?"

"పాలల్లో నువ్వు వేసే తోడులో ఉన్నవీ అలాంటివే అక్కా. వాటినైతే గరిటెతో వడ్డిస్తావు."

అమ్మ పెరుగు గిన్నె తీసుకుని, "నా పెరుగులో గడ్డి మొలిచిందంటే మాత్రం నిన్నూ నీ ప్యాకెట్లనూ కలిపి బయట పెడతాను," అని తలుపు వేసేసింది. ఆ రోజు నుంచీ ఫ్రిజ్‌లో కింది అర పిన్నిది.

ఆ పొడిలో ఉన్నవి ఏం చేస్తాయో పిన్ని నాకు చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది. గాలిలో నత్రజని బోలెడంత ఉంటుంది, గడ్డికి అది తీసుకోవడం రాదు. ఇవి గాలిలోంచి తీసి వేరుకు అందిస్తాయి. ఇంకో రకం, మట్టిలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగించి ఇస్తాయి. బదులుగా వేరు వాటికి కాస్త తీపి పెడుతుంది. "ఇచ్చిపుచ్చుకోవడమే," అంది. "కాకపోతే నెమ్మది. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఆ ఓపికే మనవాళ్ళకు లేనిది."

మేనేజరును అడిగింది. మైదానం అంతా ఒకేసారి వద్దు, సగంలో చేసి చూస్తానంది. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండానే, "ఉత్తరం వైపు సగంలో చేసుకో," అన్నాడు. కాగితం మీద ఏమీ రాయలేదు. అప్పుడు గదిలో ఇంకొకతను ఉన్నాడు. మైదానంలో ట్రాక్టరు నడిపేవాడు. అందరూ అతన్ని స్టీరింగు అనే పిలిచేవాళ్ళు. పిన్నిని అక్కా అనేవాడు, నేనతన్ని మావయ్యా అనేదాన్ని. మా ఇంట్లో ఎన్నోసార్లు భోంచేశాడు.

పిన్ని పని చేసే పద్ధతి కాస్త వివరంగా చెప్పాలి, తరవాత జరిగినదంతా దాని మీదే ఆధారపడి ఉంది. కుళాయి నీళ్ళలో క్రిములను చంపే మందు కలుపుతారు కదా, అది ఈ మంచి జీవులనూ చంపుతుంది. అందుకని నాలుగు డ్రమ్ముల్లో నీళ్ళు పట్టి, మూతల్లేకుండా రెండు రోజులు వదిలేసేది. మందు వాసన పూర్తిగా పోయాక చెరకు మడ్డి కలిపి, ప్యాకెట్లు విప్పి పోసేది. ఎండ తగిలితే అవి చస్తాయి కాబట్టి పొద్దు వాలాకే మైదానంలోకి దిగేది. డబ్బా వీపుకు తగిలించుకుని, మైదానానికి అడ్డంగా, తూర్పు గీత నుంచి పడమటి గీతకు, మళ్ళీ అక్కడి నుంచి ఇక్కడికి నడిచేది. ఎందుకంటే డ్రమ్ములు తూర్పు వైపున ఉన్నాయి. సరిగ్గా నాలుగు రాకపోకలకు డబ్బా ఖాళీ అయ్యేది, తను డ్రమ్ముల దగ్గరే ఉండేది. ఆ డబ్బా గొట్టం నుంచి పడే జల్లు నాలుగడుగుల వెడల్పు. ఒక్క అడుగు ఎక్కువ పడదు.

ఆరు వారాలు గడిచాయి. ఉత్తరం సగంలో వేరు మూడు వేళ్ళు దాటింది. మడమతో నొక్కితే నేల మెత్తగా దిగి మళ్ళీ పైకి లేచేది. రంగు మాత్రం, యూరియా పడిన దక్షిణపు సగం కంటే ఒక వన్నె తక్కువే. పిన్నికి అది పట్టలేదు. ఇంకో నెల ఆగితే రంగు అదే వస్తుందని ఆమెకు తెలుసు.

అప్పుడొచ్చింది ఉత్తరం. పెద్ద పోటీలకు మైదానాలు ఎంపిక చేసే బృందం మంగళవారం వస్తోందని. ఆ ఉత్తరం అందింది గురువారం. మేనేజరు మెట్ల మీద నిలబడి మైదానం వైపు చూశాడట. ఒక సగం ముదురు పచ్చ, ఒక సగం లేత పచ్చ. ఆయనకు మట్టి కింది వేరు కనపడదు కదా. రంగే కనపడింది.

ఆదివారం పిన్నికి సెలవు. ఆ ఆదివారం నాకు జ్వరంగా ఉంటే రోజంతా నా మంచం పక్కనే కూర్చుంది. సోమవారం తెల్లవారి ఎప్పటిలాగే చెప్పులు విడిచి ఉత్తరపు సగంలోకి అడుగుపెట్టింది.

"రాళ్ళ ఉప్పు మీద నడిచినట్టుందే," అని చెప్పింది నాతో. వంగి చూస్తే మంచుకు తడిసిన గడ్డి ఆకులకు తెల్లటి గుళికలు అంటుకుని ఉన్నాయి. ఒకటి నాలుక మీద పెట్టుకుంది. యూరియా.

తడి ఆకు మీద యూరియా పడి, దాని మీద ఎండ కాస్తే గడ్డి మాడిపోతుంది. చల్లిన వెంటనే నీళ్ళు పెట్టి గుళికలను మట్టిలోకి దింపేస్తే ఏమీ కాదు. గంటసేపు నీళ్ళు పెడితే చాలు. ఎండ ఎక్కడానికి ఇంకా టైముంది. పిన్ని పంపు గదికి పరుగెత్తింది. తాళం వేసి ఉంది. తాళంచెవి మేనేజరు దగ్గరుంది. ఆయన తివాచీ ఎక్కడ పరవాలో, కుర్చీలు ఎటు తిప్పాలో చెబుతూ గ్యాలరీ ముందు నిలబడి ఉన్నాడు.

"సార్, పంపు తాళం ఇవ్వండి. ఉత్తరం వైపు గంటసేపు నీళ్ళు పెట్టాలి."

"ఈ రోజు నీళ్ళు బంద్. రేపు వాళ్ళు లోపల నడుస్తారు. బూట్లకు బురద అంటితే బాగుండదు."

"రేపటికి ఆరిపోతుంది సార్. అక్కడ యూరియా పడింది. కడగకపోతే రేపటికల్లా మాడుతుంది."

"యూరియానా? ఎవరు వేశారు?"

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో ఏమీ లేదట. నిజంగానే తెలియనివాడు అడిగినట్టే అడిగాడట. "అప్పుడర్థమైందే నాకు," అంది పిన్ని. అప్పటికే ఆయన చేతులు దులుపుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. గడ్డి ఇంకా మాడనే లేదు.

పిన్ని ఊరుకోలేదు. స్నానాల గది కుళాయి నుంచి రెండు బకెట్లతో నీళ్ళు మోసుకొచ్చి పోయడం మొదలుపెట్టింది. యాభై ఒక్క ఏళ్ళ మనిషి, ఒక్కతే, సాయంత్రం దాకా మోసింది. ఈశాన్యపు మూల జెండా దగ్గర రెండు గదులంత మేర తడపగలిగింది. ఆ పక్కనుంచే కుర్చీలు మోసుకెళ్ళినవాళ్ళలో ఒక్కరూ బకెట్టు ముట్టుకోలేదు. ఒకడు మాత్రం, "ఏంటి గడ్డి డాక్టరమ్మా, పేషెంటుకు స్నానం చేయిస్తున్నావా?" అన్నాడట. రాత్రి ఇంటికొచ్చాక ఆమె చేతులు కంచం దగ్గర ముడుచుకోలేదు. అమ్మ కలిపి పెట్టింది. నా జ్వరం సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

మంగళవారం పదింటికల్లా చారలు తేలాయి. తివాచీ మీద నిలబడిన బృందం వాటిని చూసింది, ఏదో రాసుకుంది, వెళ్ళిపోయింది. పోటీలు ఇంకో మైదానానికి పోయాయి.

వారం తిరక్కుండా విచారణ పెట్టారు. పిన్నితో పాటు నేనూ వెళ్ళాను. నన్ను బయట బల్ల మీద కూర్చోమన్నారు, తలుపు తెరిచే ఉంది. లోపల ముగ్గురు సభ్యులు, మేనేజరు. పిన్నిని కూర్చోమన్నవాడు లేడు. తలుపు దగ్గర స్టీరింగు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సభ్యుల వెనకే పెద్ద అద్దాల కిటికీ, దాని కింద మైదానం. తల తిప్పితే చాలు. ఆ ముప్పావుగంటలో ఒక్క తల తిరగలేదు.

"మీరు వాడిన మందు పేరేంటమ్మా?" అన్నాడు మొదటాయన.

"మందు కాదు సార్, జీవన ఎరువు."

"దాని వల్లే గడ్డి మాడిందని మేనేజరుగారు రాశారు."

"మాడింది యూరియా వల్ల. కిందికి రండి, చూపిస్తాను. మెట్లు దిగితే రెండు నిమిషాలు."

"ఇక్కడే చెప్పండి."

"చారలు నిలువుగా ఉన్నాయి సార్, గోల్ నుంచి సగం గీత దాకా. నేను నడిచేది అడ్డంగా. మాడిన పట్టీ తొమ్మిదడుగులు, పక్కన జానెడు పచ్చగీత, మళ్ళీ తొమ్మిదడుగులు. నా డబ్బా జల్లు నాలుగడుగులు దాటదు. టేపు తెచ్చాను, మీరే కొలుచుకోండి. సగం గీత దగ్గర చారలు గుండ్రంగా మలుపు తిరిగాయి. మనిషి అలా తిరగడు సార్, ట్రాక్టరు తిరుగుతుంది. ఇంకొకటి. మూల జెండా దగ్గర రెండు గదులంత చోటు పచ్చగానే ఉంది. అక్కడా నా ఎరువే పడింది. అది మాడలేదేం? నేను నీళ్ళు పోసి యూరియా కడిగాను కాబట్టి."

నాకిప్పటికీ ఆ మాటల వరుస తప్పకుండా గుర్తుంది. అంత కంటే తేటగా ఎవరు చెప్పగలరు? చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది.

"అంటే మీ మేనేజరుగారు అబద్ధం చెప్పారంటారా?"

"చారలు ఏం చెబుతున్నాయో అది చెబుతున్నాను."

"సరే. యూరియా చల్లింది ఎవరో చెప్పండి మరి."

స్టీరింగు నేల చూపులు చూస్తున్నాడు.

"మిషను తిప్పినవాణ్ణి కాదు సార్," అంది పిన్ని. "తిప్పమన్నవాణ్ణి అడగండి."

"కాస్త మర్యాదగా మాట్లాడటం నేర్చుకోండి," అన్నాడు రెండో ఆయన. మూడో ఆయన టీ తాగుతూనే ఉన్నాడు. ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

మైదానానికి ఒక రిజిస్టరు ఉంది. నీళ్ళు, ఎరువు, కోత, మరమ్మతు అన్నీ అందులో ఎక్కిస్తారు. ఆ సాయంత్రం అందులో ఎర్ర సిరాతో ఒక వాక్యం చేరింది: "సహాయకురాలు అనుమతి లేకుండా జీవన ఎరువు వాడినందువల్ల ఉత్తరపు సగంలో పచ్చిక దెబ్బతిన్నది." అనుమతి లేకుండా, అని. నోటితో ఇచ్చిన అనుమతి నోటితోనే పోయింది.

ఇంటికొస్తూ నేను దారిలోనే ఆమె మీద విరుచుకుపడ్డాను.

"స్టీరింగు మావయ్యే కదా? నీకు తెలుసు కదా? పేరెందుకు చెప్పలేదు?"

"ట్రాక్టరు టైరు గాడుల్లో గుళికలు చూశానే, సోమవారమే."

"మరి?"

"వాడి పేరు చెబితే ఏమవుతుంది? వాణ్ణి పనిలోంచి తీసేస్తారు. చేయించినాయన వాడి మీదికి నెట్టేసి కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. అది నిజం చెప్పినట్టా?"

"నీ పేరు పోయింది కదా పిన్నీ."

"నా పేరు నాకు కావాలి. వాడి మెడ మీద కాలేసి కాదు."

మరుసటి రోజే ఆమెను పచ్చిక నుంచి తప్పించారు. గేటు దగ్గర పూలకుండీలు చూసుకోమన్నారు. మూడేళ్ళు కుండీలే చూసింది. గ్యాలరీ వెనక పిల్లలు ఆడుకునే చిన్న స్థలం ఒకటి ఉండేది, ఎవరికీ పట్టని మట్టినేల. ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా, సాయంత్రాలు అక్కడ గడ్డి నాటి తన డ్రమ్ముల నీళ్ళు పోసుకుంది. స్టీరింగు ఆమె కనపడితే చుట్టూ తిరిగి వేరే దారిలో వెళ్ళేవాడు. మా ఇంటికి రావడం మానేశాడు. మేనేజరుకు పై పదవి వచ్చింది. ఇంకోసారి రాస్తాను. ఆయనకు పై పదవి వచ్చింది.

తరవాత వచ్చిన మేనేజరు ఒకావిడ. వచ్చిన పది రోజులకే, ఆడేవాళ్ళంతా పెద్ద మైదానం వదిలి వెనక ఉన్న చిన్న స్థలంలో ఎందుకు సాధన చేస్తున్నారని అడిగిందట. వెళ్ళి చూసింది. పిన్ని గొట్టంతో మట్టి తీసి చూపించింది. వేరు ఐదు వేళ్ళుంది. ఆవిడ ఇంకేం అడగలేదు, పిన్నిని పెద్ద మైదానానికి తిరిగి పిలిపించింది. రెండేళ్ళలో యూరియా పూర్తిగా ఆగింది. నీళ్ళు మూడో వంతు తగ్గాయి. ఆట మధ్యలో గడ్డి లేచిపోవడం మాట మరిచిపోయారు. చుట్టుపక్కల మైదానాల వాళ్ళు వచ్చి చూసి, రాసుకుని వెళ్ళేవాళ్ళు. రిజిస్టరులో ఆ వాక్యం మాత్రం అలాగే ఉంది. జీవన ఎరువు మీద నడుస్తున్న మైదానంలో, జీవన ఎరువు గడ్డిని మాడ్చిందని రాసిన పుస్తకం.

పిన్ని ఆవిడను ఒకే ఒక్కటి అడిగింది.

"రిజిస్టరులో రాసింది కొట్టేయకూడదండీ," అంది ఆవిడ. "కింద ఇంకో వాక్యం రాయచ్చు." కలం తీసి ముందు ఒక కాగితం మీద రాసి చూపించింది: "పై వ్యాఖ్యకు తగిన ఆధారాలు లభించలేదు."

పిన్ని రెండుసార్లు చదివింది.

"అంటే ఏంటమ్మా? నేను చేశానో లేదో తెలియదనేగా?"

"అలా కాదండీ. ఆఫీసులో ఇలాగే రాస్తారు."

"అయితే వద్దులెండి. దొంగ అని రాసినదాని కింద, దొంగో కాదో తెలియదు అని రాస్తే నాకేం ఒరిగింది?"

"నేనప్పుడు ఇక్కడ లేను కదండీ. కంటితో చూడనిది ఎలా రాయను? చూసినవాళ్ళు ఎవరైనా వచ్చి చెబితే రాస్తాను."

ఈ సంగతి మైదానమంతా పాకింది. స్టీరింగు చెవిలోనూ పడింది. పడలేదని ఎవరూ నాతో అనలేరు, పంపు గది దగ్గర దాని గురించే మాట్లాడుకుంటుంటే అతను అక్కడే ట్రాక్టరు కడుగుతున్నాడు. రాలేదు. పిన్ని వెళ్ళి అడగలేదు. నాలుగేళ్ళు ఇద్దరూ ఒకే గేటులోంచి లోపలికి వచ్చారు, ఒకే గేటులోంచి బయటికి పోయారు. ఆమె రిటైరైన రోజున సభ పెడతామన్నారు. ఆ వాక్యం అక్కడ ఉండగా రానని చెప్పి, ఆ సాయంత్రం కూడా మైదానంలో తడి చూసి ఇంటికొచ్చేసింది. రెండేళ్ళకు గుండె ఆగిపోయింది. పొద్దున్నే, వంటింట్లో, అమ్మతో ఏదో అంటూ ఉండగా.

పది రోజుల తరవాత స్టీరింగు వచ్చాడు. తొమ్మిదేళ్ళ తరవాత మా గడప తొక్కాడు. అతనూ ఆ ఏడే రిటైరయ్యాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అక్కకు ఒక మాట చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నానమ్మా. నోరు రాలేదు. ఆ రోజు ఆ యూరియా చల్లింది..."

"మీరే. ఆవిడకు తెలుసు."

అతను తలెత్తాడు. "తెలుసా?"

"సోమవారమే తెలుసు. మీ టైర్లలో గుళికలు చూసింది. విచారణలో మీ పేరు చెప్పకుండా ఉన్నది మిమ్మల్ని కాపాడటానికే. మీరేమనుకున్నారు, తెలియక చెప్పలేదనుకున్నారా?"

ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. అమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నాకు జాలి కలగలేదు. మేనేజరు చల్లమన్నాడట, చల్లకపోతే ఉద్యోగం తీసేస్తానన్నాడట, ఇంట్లో ముగ్గురు పిల్లలట. నిజమే అయ్యుండచ్చు. కానీ ఆయన వెళ్ళిపోయాక ఆరేళ్ళున్నాయి. ఆ ఆరేళ్ళలో భయపెట్టింది ఎవరు?

"నన్ను క్షమించమ్మా," అన్నాడు.

"నాతో కాదు. లేవండి, ఆఫీసుకు వెళ్దాం."

"ఇప్పుడా? ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు."

"అడగనివ్వండి. దానికీ జవాబు చెబుదురు గాని."

అమ్మ అతని వైపు చూసి, "వెళ్ళు తమ్ముడూ," అంది. అంతే అంది. లేచాడు.

మేనేజరు మమ్మల్ని చూసి నిలబడింది, ఇద్దరినీ కూర్చోమంది. అతను చెప్పాడు. నాలుగు బస్తాలు, ఆదివారం చీకటి పడ్డాక, నీళ్ళు పెట్టొద్దన్నారు. ఆవిడ మధ్యలో ఆపకుండా విని, బీరువా తీసి పాత రిజిస్టరు బయటికి లాగింది. ఎర్ర సిరా కాస్త వెలిసింది కానీ అక్షరం అక్షరం చదవడానికి వస్తోంది. ఆవిడ దాని కింద రాసి, నా వైపు తిప్పింది. "పచ్చిక దెబ్బతినడానికి కారణం యాజమాన్యం సూచన మేరకు వేసిన యూరియా."

"యాజమాన్యం అంటే ఎవరండీ?" అన్నాను.

ఆవిడ స్టీరింగు వైపు చూసింది.

"ఆయనే చెప్పాడండి. అప్పటి మేనేజరు," అన్నాడు అతను. "అలాగే రాయండి."

ఆవిడ ఇంకో వాక్యం రాసింది. "వేయించినది అప్పటి మేనేజరు. జీవన ఎరువు వల్ల ఏ నష్టమూ జరగలేదు. పైన ఎర్ర సిరాతో రాసినది అబద్ధం." స్టీరింగు దాని కింద సంతకం పెట్టాడు. సంతకం వంకర పోయింది, కింద మళ్ళీ పెట్టాడు.

"ఇప్పుడు తృప్తేనా అండీ?" అంది ఆవిడ, మెత్తగానే.

గోడ గడియారం వైపు చూశాను. మేము ఆ గదిలోకి వచ్చి ఇంకా పావుగంట కాలేదు.